పీజీ సీటు ఎవరి కోసం?

డిగ్రీ పాసయిన మన పిల్లవాణ్ణి ఊళ్లో ఇద్దరు మనుషులు ఆపి మరీ పలకరిస్తారు. ఒకడు ఊరి ఆసామి. "ఇంకేం చదువుతావురా, చదివిందాకా చాల్లేదా? మీ నాయనకి వయసైపోయింది, మా చేలో పనికి మనిషి లేడు" అంటాడు. రెండోవాడు టౌనులో ప్రైవేటు కాలేజీ పంపించిన ఏజెంటు. "తమ్ముడూ, పీజీ సీటు ఫ్రీ. క్లాసుకు రాకపోయినా పర్లేదు. సర్టిఫికెట్లు, ఆధార్, కుల ధ్రువపత్రం ఇచ్చి సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటాం" అంటాడు. ఆసామికి కావలసింది కూలివాడు. ఏజెంటుకు కావలసింది ఆ కుర్రవాడి కులం కాగితం మీద వచ్చే ఫీజు. ఈ ఇద్దరిలో ఎవరూ వాడి బతుకు గురించి మాట్లాడ్డం లేదు. మాట్లాడవలసిన వాళ్లం మనం. మనమేమో నోరు తెరవం.

ఎందుకు తెరవమంటే మనకో భయం ఉంది. బాబాసాహెబ్ మొట్టమొదట చెప్పింది చదువే గదా, అట్లాంటప్పుడు "ఈ చదువు వల్ల లాభమేంటి" అని అడిగితే ద్రోహమైపోతుందేమోనని. ఆ ప్రశ్న వెయ్యడం ద్రోహం కాదని మేమంటున్నాం. అగ్రకులాల ఇళ్లల్లో ఈ లెక్క ప్రతి రాత్రీ అన్నాల దగ్గర వేసుకుంటారు. మామ అమెరికాలో ఉంటాడు, పెదనాన్న యూనివర్సిటీలో ఉంటాడు, ఏ కోర్సుకు ఏ దారి ఉందో పదో తరగతి నాటికే పిల్లవాడి చెవిన పడుతుంది. మన ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే, ఆ పిల్లవాడే. వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ సంచిక సంపాదకీయం దీని మీదే రాస్తున్నాం. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి. చదవడం రాని అమ్మానాన్నలకు ఎవరైనా కూచోబెట్టి చదివి వినిపించండి, డబ్బు పెట్టేది వాళ్లే.

ముందు బాబాసాహెబ్ సంగతే చూద్దాం. ఆయన 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద న్యూయార్క్ వెళ్లాడు. 1915లో కొలంబియాలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. చదువైపోయాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలన్నది షరతు. 1917లో వచ్చి కొలువులో చేరాడు. ఏం జరిగింది? ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరారు. ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు. కులం చెప్పకుండా ఒక పార్శీ సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ పూట పార్కులో కూచుని, రైలెక్కి బొంబాయి పోయాడు. అమెరికా ఎం.ఏ. ఆయనకు తల దాచుకోను ఒక గది కూడా సంపాదించి పెట్టలేకపోయింది.

కథ అక్కడితో ఆపేవాళ్లు కొందరున్నారు. "చూశారా, ఎంత చదివినా ఇంతే" అని. ఆపగూడదు. ఆ పట్టాతోనే 1918లో ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. ఆ జీతంలో మిగిల్చి, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం తీసుకుని, స్నేహితుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ పోయి మొదలుపెట్టిన చదువు ముగించాడు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు అంటరానివాళ్ల తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆయన్ని పిలిచారంటే, తర్వాత రౌండ్ టేబుల్ దాకా పోయాడంటే, ఆ చదువు లేకుండా కాదు. మరి ఆ ఎం.ఏ. లాభమా నష్టమా? బరోడాలో అడిగితే నష్టం, బొంబాయిలో అడిగితే లాభం. అంటే ఏ పట్టా అయినా దాన్ని పట్టుకుని ఎక్కడికి పోతున్నామన్న దాన్ని బట్టి దాని విలువ. ఆ "ఎక్కడికి" అన్నది ముందు తేల్చుకోకుండా సీటు తీసుకోవద్దన్నదే మేం చెప్పేది.

ప్రైవేటు ఉద్యోగాల సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005 అక్టోబర్ నుంచి ఏడాదికి పైగా ఒక పని చేశారు. పేపర్లలో పడ్డ ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకమైన చదువులున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. ఒకటి పైకులం పేరు, ఒకటి దళితుల పేరు, ఒకటి ముస్లిం పేరు. 2007లో వచ్చిన ఫలితం ఇది: పైకులం పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు. మనిషిని చూడలేదు, మాట వినలేదు, పేరు చదివారంతే. ఎం.బి.ఎ. అని ఇంకో రెండు అక్షరాలు తగిలిస్తే ఆ మూడో వంతు పూడుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పట్టా ఒక్కటే చాలదు అక్కడ. పని నేర్పు, తెలిసినవాళ్లు, ఇంగ్లీషు నోరు, ఇవన్నీ అడుగుతారు. రిజర్వేషను లేని చోట మన పట్టా ఒంటరిగా నిలబడాలి.

సరే, ఇప్పుడు ఉద్యోగాల పట్టీ విప్పుదాం. మన వాడల్లో పిల్లలు ఎక్కువగా తప్పుపడేది ఇక్కడే.

గ్రూప్-1కు డిగ్రీ చాలు. గ్రూప్-2కు డిగ్రీ చాలు. సివిల్సు అంటారు గదా, కలెక్టరు పరీక్ష, దానికీ డిగ్రీయే. పోలీసు ఎస్.ఐ., బ్యాంకు ఉద్యోగం, అన్నిటికీ డిగ్రీ. పీజీ ఉంటే ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యరు. మరి ఉస్మానియా హాస్టల్లోనో, ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లోనో ఎం.ఏ. పేరు మీద ఉంటూ గ్రూప్స్‌కు చదివే వందలమంది సంగతేంటి? వాళ్లను మేం తప్పుపట్టం. కోచింగ్ సెంటరు ఫీజు కట్టలేనివాడికి, అద్దె గది తీసుకోలేనివాడికి యూనివర్సిటీ హాస్టలు గది, రీడింగ్ రూము, పక్కన చదివే నలుగురు స్నేహితులు, అదే వాడి కోచింగ్ సెంటరు. అది తెలిసి చేస్తే లెక్క సరిగ్గానే వేశాడు. తెలియక, ఎం.ఏ. చేస్తే గ్రూప్-1 వస్తుందనుకుని రెండేళ్లు పోగొట్టుకునేవాడి గురించే మా బాధ.

టీచరు కావాలనుకునేవాళ్లు బాగా వినండి. సెకండరీ గ్రేడ్ టీచరుకు ఇంటర్ తర్వాత డి.ఎడ్., టెట్ చాలు. స్కూల్ అసిస్టెంటుకు డిగ్రీ, బి.ఎడ్., టెట్. 2024లో తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పడ్డాయి. వీటిలో ఎక్కువ భాగానికి పీజీ అక్కర్లేదు. బి.ఎడ్. ఇప్పుడు రెండేళ్ల కోర్సు. డిగ్రీ అవగానే పీజీలో రెండేళ్లు, ఆ తర్వాత బి.ఎడ్. రెండేళ్లు అంటే నాలుగేళ్లు. మధ్యలో ఒక డీఎస్సీ వచ్చి పోతే, మళ్లీ ఎప్పుడొస్తుందో ఏ ముఖ్యమంత్రీ చెప్పడు. స్కూలు టీచరు కావాలనుకునే పిల్ల ముందు బి.ఎడ్. చెయ్యాలి, పీజీ తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చు. గురుకులాల్లో పీజీటీ పోస్టుకు మాత్రం పీజీ, బి.ఎడ్. రెండూ అడుగుతారు. అది కావాలనుకుంటే నాలుగేళ్లు పెట్టవలసిందే.

లెక్చరరు పని వేరు. జూనియర్ లెక్చరరుకు పీజీ లేనిదే గేటు దాటనివ్వరు. డిగ్రీ కాలేజీకి, యూనివర్సిటీకి పీజీ మీద నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి. ఇక్కడ పీజీ తప్పదు. కానీ పోస్టులెన్ని? తెలంగాణ రాష్ట్రం వచ్చింది 2014లో. సర్కారు జూనియర్ కాలేజీలకు లెక్చరర్ల నోటిఫికేషను పడింది 2022 డిసెంబర్లో, అన్ని సబ్జెక్టులూ కలిపి 1,392 పోస్టులు. ఆ ఎనిమిదేళ్లలో ఎం.ఏ.లు, ఎం.ఎస్సీ.లు చేసిన మన పిల్లలు ఎంతమంది ప్రైవేటు కాలేజీల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పుకుంటూ వయసు కరిగించుకున్నారో లెక్క తీసినవాడు లేడు. మన సంఘాలైనా తియ్యవలసింది. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన టీచింగ్ పోస్టుల్లో సగానికి పైగా ఖాళీలే. ఆ ఖాళీల్లో పాఠం చెప్పేది కాంట్రాక్టు లెక్చరర్లు, పార్ట్ టైం వాళ్లు, గెస్టు ఫ్యాకల్టీ. గంటకింత అని లెక్క, సెలవులకు కూలి లేదు. మా తాతలు ఆసామి కళ్లంలో చేసిన పనికీ దీనికీ తేడా ఏంటంటే చేతిలో సుద్దముక్క ఉంది, అంతే.

మాల మాదిగ వాటాల సంగతి మీద మన మధ్య ఎన్ని మాటలు నడిచాయో అందరికీ తెలుసు. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఎవరి వాటా వాళ్లకు తేలింది, బాగుంది. విస్తరి వేసి మెతుకు వడ్డించకపోతే ఎవరి వాటా ఎవరు తింటారు? పర్మనెంటు పోస్టు భర్తీ చెయ్యకుండా గెస్టు మీద, ఔట్ సోర్సింగు మీద నడిపించే ప్రభుత్వం మాలకూ వాటా ఎగ్గొడుతుంది, మాదిగకూ ఎగ్గొడుతుంది. పీజీ చదివిన పిల్లలు రెండు వాడల నుంచీ కలిసి అడగవలసిన మాట ఇది.

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చేసినవాళ్లకు మాత్రం పని దొరుకుతుంది, నిజమే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం మందుల కంపెనీలు మన పిల్లలనే తీసుకుంటున్నాయి. షిఫ్టులు, ట్రైనీ జీతం, నెలల తరబడి కాంట్రాక్టు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది చచ్చిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడుకు నలభైమందికి పైగా పోయారు. సోకులేమీ లేవు ఆ ఉద్యోగంలో. అయినా ఇంట్లో నెలకు జీతం రావాలనుకునేవాడు వెళ్తాడు, వెళ్లొద్దని మేమనం. చేరేటప్పుడు అప్పాయింట్‌మెంటు కాగితం ఎవరి పేరు మీద ఉంది, కంపెనీదా కాంట్రాక్టరుదా, పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. ఉన్నాయా, ఇవి చూసుకుని చేరండి. ఇంకో సంగతి. టౌను కాలేజీ ఎం.బి.ఎ. మీద దొరికే ఉద్యోగాలు చాలామటుకు డిగ్రీవాడు చేస్తున్నవే. బైకు మీద తిరిగి ఇన్సూరెన్సు అమ్మడానికి రెండేళ్ల చదువెందుకు?

పీజీ అని అందరూ ఒకే దోవన పోతున్నారు గానీ, డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్.ఎల్.బి. చెయ్యొచ్చన్న మాట మన ఇళ్లల్లో తక్కువగా వినపడుతుంది. ఇది మా పక్షపాతం అనుకోండి, మాకు అభ్యంతరం లేదు. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టడం ఒక ఎత్తు, దాన్ని కోర్టులో నిలబెట్టడం ఇంకో ఎత్తు. చుండూరు బాధితుల తరఫున కోర్టులో నిలబడ్డ బొజ్జా తారకం గారి లాంటి వకీళ్లు మండలానికి ఒక్కరుంటే స్టేషను ముందు మనవాళ్లు చేతులు కట్టుకుని కూచోవలసిన అవసరం ఉండదు. మొదటి అయిదారేళ్లు ఆదాయం ఉండదు, ఆ మాటా చెప్పాలి. ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది.

ఇక ఖర్చు. మనం ఖర్చంటే ఫీజు ఒక్కటే అనుకుంటాం. ఫీజు చిన్నది. రెండేళ్లు పిల్లవాడు సంపాదించకుండా ఉండడమే పెద్ద ఖర్చు. నెలకు 15 వేల పని దొరికేవాడు రెండేళ్లు చదువుకు కూచుంటే 3 లక్షల 60 వేలు ఇంటికి రాలేదన్నమాట. ఆ లోటు ఎవరు పూడుస్తున్నారు? అన్న హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి పూడుస్తాడు. అమ్మ మిరప కోతకు పోయి పూడుస్తుంది. చెల్లెలు ఇంటర్ తోనే చదువు మానేసి పూడుస్తుంది. ఇంట్లో ఒకరి పీజీకి ఇంకొకరి చదువు బలి ఇవ్వవలసి వస్తే, ఆ పీజీ ఎంత గొప్పదైనా ముందు నలుగురూ కూచుని మాట్లాడుకోవాలి. చెల్లెల్ని కూడా కూచోబెట్టుకుని మాట్లాడుకోవాలి.

సీటు ఎక్కడిదన్న దాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. సర్కారు యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు ఒకటి, అదే ఆవరణలో సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఒకటి, ప్రైవేటు కాలేజీ సీటు ఒకటి. పాఠం ఒకటే అంటారు, ఫీజు మాత్రం ఒకటి కాదు. 2020 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఎత్తేసింది. ఆ దెబ్బకు చదువు ఆగిపోయిన మొదటి పిల్లలు మనవాళ్లే. తెలంగాణలో జీవో తియ్యలేదు, డబ్బు ఆపారు. 2025 నవంబరులో బకాయిలు ఇవ్వమని ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి బంద్ పెట్టాయి. ప్రభుత్వం ఇవ్వకపోతే కాలేజీ ఏం చేస్తుంది? పిల్లవాడి మెమోలు, టీసీ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. "డబ్బు కట్టి పట్టుకుపో, ప్రభుత్వం ఇచ్చినప్పుడు తిరిగిస్తాం" అంటుంది. ఉద్యోగం వచ్చినా చేరడానికి కాగితం ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోగూడదని యూజీసీ 2018లోనే ఆదేశమిచ్చింది. ఆ కాపీ ఒకటి జేబులో పెట్టుకుని పొండి.

అందుకని మా సలహా: పీజీ అంటూ చేస్తే సర్కారు యూనివర్సిటీ రెగ్యులర్ సీటులో, హాస్టల్లో ఉండి చెయ్యండి. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ-పీజీ. మూడూ రాయండి. ఇంజనీరింగ్ వాళ్లు గేట్ రాసి ఎం.టెక్. సీటు తెచ్చుకుంటే నెలకు 12,400 స్టైపెండు వస్తుంది. గేట్ లేకుండా చదివిన కాలేజీలోనే ఎం.టెక్. చేస్తే ఏమీ రాదు. దేశంలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది, 1944లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు మొదలైంది అది. 2020 డిసెంబరులో కేంద్రం మార్చిన పద్ధతి ప్రకారం దాని ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 భరించాలి. కేంద్ర పథకంలో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం సీటు వచ్చాక మొదలుపెట్టకండి, పరీక్ష రాసిన రోజే మొదలుపెట్టండి.

పీజీ తర్వాత పరిశోధన చెయ్యగలిగినవాళ్లకు ఒక దారి ఉంది. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు. ఎస్సీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్పు కూడా ఉంది. ఆ డబ్బుతో ఇంటిని నిలబెట్టినవాళ్లు మన వాడల్లో ఉన్నారు. కానీ చేతికి వచ్చేదాకా అది జీతం కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేములకు ఏడు నెలల ఫెలోషిప్పు బకాయి ఉంది. ఎం.ఎస్సీ. చదివి, జేఆర్ఎఫ్ తెచ్చుకుని, ఎవరి కోటా అక్కర్లేకుండా సీటు సంపాదించిన పిల్లవాడు. హాస్టలు నుంచి వెళ్లగొడితే టెంటు వేసుకుని బయట పడుకున్నాడు. బరోడా సత్రం 1917లో ఉంది, ఇది 2016. ఉన్నత చదువుకు పంపే ప్రతి తల్లికీ ఈ సంగతి తెలియాలి. పంపవద్దని కాదు. పంపిన తర్వాత ఫోను చేస్తూ ఉండమని, సంఘం వాళ్లెవరో ఆ క్యాంపస్‌లో ఉన్నారా కనుక్కోమని.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్లల్లో ఆడపిల్లకు పీజీ సీటంటే అసలు అర్థం రెండేళ్లు పెళ్లి వాయిదా. నాన్న "చదువుతోందిలే" అని సంబంధాల వాళ్లకు చెప్పగలుగుతాడు. అందుకని ఉద్యోగం లెక్కలో నష్టమైన పీజీ కూడా ఆడపిల్ల బతుకు లెక్కలో లాభం కావొచ్చు. ఇరవై ఒకటికి పెళ్లయి ఇరవై మూడుకు ఇద్దరు పిల్లల తల్లయ్యే బదులు, ఇరవై మూడుకు యూనివర్సిటీ హాస్టల్లో నాలుగు పుస్తకాలు చదివి, నలుగురితో వాదించి, రైల్లో ఒంటరిగా ప్రయాణం చెయ్యడం నేర్చుకుని ఇంటికొచ్చిన పిల్ల వేరే మనిషి. దీన్ని రూపాయల్లో కొలవలేం. అన్నలకు మా విన్నపం, చెల్లెలు ఏ కోర్సు తీసుకుందో అది ఉద్యోగానికి పనికొచ్చేదా కాదా అని మీరు జడ్జీలై కూచోవద్దు. ఆమెనడగండి, ఆమె ఏం కోరుకుంటుందో.

చివరికి విదేశాలు. అమెరికాలో ఎం.ఎస్. అని కన్సల్టెన్సీ బోర్డులు ఇప్పుడు మండల కేంద్రాలకొచ్చాయి. వాళ్ల పిల్లలు పోయారు, ఇళ్లు కట్టారు, అది చూసి మన పిల్లలకూ ఆశ పుట్టడం తప్పు కాదు. కాకపోతే వాళ్లు తాకట్టు పెట్టేది పదెకరాల మాగాణి, పోయినా ఇంకో పదెకరాలుంటుంది. మనకుండేది అసైన్డు పట్టా ఎకరం. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి, మన పట్టా చూపిస్తే మేనేజరు నవ్వి పక్కన పెడతాడు. అప్పుడు ప్రైవేటు ఫైనాన్సు వాళ్ల దగ్గరికి పోతాం. నలభై లక్షల అప్పు, నూటికి పది దాటిన వడ్డీ. అక్కడ చదువు ముగిశాక పని చెయ్యనిచ్చేది ఏడాది. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ, ఏడాదికి 85 వేల వీసాలు ప్రపంచం మొత్తానికి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము పెట్టాడు ట్రంప్. లాటరీ తగలనివాడు అప్పు మూట కట్టుకుని ఇంటికి వస్తాడు. అప్పు మీద విదేశీ పీజీ మన ఇళ్లకు వద్దని ఖండితంగా చెప్తున్నాం.

స్కాలర్‌షిప్పు మీదైతే తప్పకుండా పొండి. కేంద్ర నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలవి. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, పోయే యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు. వీటిలోనూ గోతులున్నాయి. 2022లో భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద చదువుతామంటే జాతీయ స్కాలర్‌షిప్పు ఇవ్వమని కేంద్రం రూలు మార్చింది. కులం మీద పరిశోధన విదేశంలో చెయ్యగూడదట! 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధులు లేవని మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు. పిల్లలు వీసా పెట్టుకుని కూచున్నారు. అందుకే మంజూరు ఉత్తర్వు చేతికి రాకుండా అప్పు చేసి విమానమెక్కొద్దు.

సంఘం కార్యకర్తలకు రెండు పనులు చెప్తున్నాం. మీ మండలంలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదివే మన పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఫలితాలకు ముందే ఒక ఆదివారం అంబేద్కర్ విగ్రహం దగ్గరో కమ్యూనిటీ హాల్లోనో కూచోబెట్టండి. తల్లిదండ్రులు కూడా రావాలి. ఇప్పటికే పీజీ చేసి ఉద్యోగంలో ఉన్నవాడొకణ్ణి, పీజీ చేసి ఉద్యోగం లేనివాడొకణ్ణి పిలవండి. రెండోవాణ్ణి మర్చిపోవద్దు, వాడు చెప్పేదే ఎక్కువ పనికొస్తుంది. ఏ ఉద్యోగం కావాలో పిల్లల చేతే రాయించండి, దానికి పీజీ కావాలో వద్దో పక్కనే రాయండి.

రెండోది, సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల జాబితా. పిల్ల పేరు, కాలేజీ, ఎంత అడుగుతున్నారు, ఏ సంవత్సరం బకాయి, ఈ నాలుగు వివరాలూ తెల్లకాగితం మీద రాసి విద్యార్థి సంతకంతో తీసుకోండి. ఒక కాపీ జిల్లా ఎస్సీ సంక్షేమ అధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోండి, ఒక కాపీ పత్రిక ఆఫీసుకు పంపండి. పిల్లల పేర్లు అచ్చు వెయ్యం. కాలేజీల లెక్క మాత్రం జిల్లాల వారీగా వేస్తాం, ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరేటుకు పోదాం.